తోడు మన్ను

నర్సరీ మూడో షెడ్డులో వంగనారు మళ్ళీ వాలిపోయింది. నిన్న సాయంత్రం తలలెత్తుకుని ఉన్న మొక్కలు తెల్లారేసరికి ట్రేల అంచుల మీద మెడలు వేసేశాయి. ఆకు పండలేదు, మచ్చ పడలేదు, పురుగు కొరకలేదు. పచ్చగా ఉండగానే ప్రాణం పోయింది.

మేస్త్రి ఒక మొక్కను రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. ప్రతిఘటించకుండా వచ్చేసింది. వేరు వాసన చూసి పారేశాడు. పక్క ట్రేలోది లాగాడు. అదీ అంతే. వరస చివరిదాకా అలా లాగుతూ పోయాడు, నిలదీస్తున్నట్టు.

"నీళ్ళు ఎవరు పెట్టారు?"

తెలిసిన సంగతే అడిగాడు. ఆ షెడ్డులో నీళ్ళు పెట్టేది అతని మరదలు. పోయిన భార్యకి చెల్లెలు. అక్క పోయాక అక్క పనిచేసిన చోట్లోకి వచ్చింది. ట్రేల దగ్గరికే గానీ, పదిమంది నోళ్ళు ఎంత తోసినా ఇంట్లోకి మాత్రం రాలేదు. అతనూ రమ్మనలేదు.

"నేనే పెట్టాను బావా. కొత్తగా అడుగుతావేంటి?" గొట్టం చుట్టగా చుడుతూ అంది.

"మధ్యాహ్నం గొట్టంలో నీళ్ళు ఎలా ఉంటాయో తెలుసా? టీ కాచుకోవచ్చు."

"తెలుసు. అవి ముందు బయటికి వదిలేస్తాను. చేతికి చల్లగా తగిలాకే మొక్కకి పెడతాను."

"రోజూనా?"

"రోజూ."

"ఏదో ఒకరోజు మరిచిపోయావు."

"నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదు. మొక్కలే చెబుతున్నాయి."

పక్క షెడ్డు నుంచి ఖాళీ ట్రేలు మోసుకొస్తున్న ఆడమనిషి అక్కడే ఆగిపోయింది. అందరూ ఆమెను రేడియో అంటారు. ఆమె చెవిన పడ్డ మాట అన్నాలవేళకి గేటు దాటి వీధులు తిరిగొచ్చేది.

"నీళ్ళదేముంది మేస్త్రిగారూ. రాత్రిళ్ళు కన్నంటుకోక మనుషులమే ఉడికిపోతున్నాం. ఈ పసికూనలెంత!"

"నిన్నెవరూ పెట్టమనలేదు. కట్టెయ్."

"నా బ్యాటరీతోనే మాట్లాడుతున్నాలెండి," అంది రేడియో. కానీ కదల్లేదు.

అప్పుడే ఓనరు వచ్చాడు. ఫోను ఇంకా చేతిలోనే ఉంది. పొద్దుటి నుంచి నారు అందని రైతుల తిట్లు విని విని చెవి ఎర్రబడింది. చచ్చిన ట్రేల వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఏదో ఒకటి చెప్పాలి మేస్త్రీ. ఏమైందని చెప్పను?"

మేస్త్రి జవాబు కోసం తడుముకోలేదు.

"నీళ్ళ దగ్గర పొరపాటు జరిగింది. మనిషిని తీసేశామని చెప్పండి."

మరదలి చేతిలోంచి గొట్టం జారిపోయింది. చుట్ట విడిపోయి నేల మీద సాగింది.

"అక్క ఉంటే ఈ మాట అనగలిగేవాడివా బావా?"

"మీ అక్క ఉంటే మొక్కలు పోయేవే కాదు."

అనేశాడు. అన్నాక, అది ఎక్కడ తగిలిందో చూడటానికి కూడా తలెత్తలేదు. ఆమె కుళాయి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా కడుక్కుంది. తలకి కట్టుకున్న గుడ్డ విప్పి, దులిపి, నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది.

"వస్తాను మేస్త్రిగారూ," అంది.

బావ అనలేదు.

మర్నాటి నుంచి నీళ్ళు తనే పెట్టాడు. మధ్యాహ్నం గొట్టంలో నిలిచిన వేడినీళ్ళన్నీ కాలవలోకి వదిలాడు. చెయ్యి పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. చల్లబడ్డాకే మొక్కలకి చూపించాడు. అయినా నాలుగో షెడ్డు టమాటా మొక్కలు మధ్యాహ్నానికి మెడలు వాల్చాయి. సాయంత్రానికి తేరుకున్నాయి. తెల్లారేసరికి మరి లేవలేదు.

'తోడు చాల్లేదు,' అనుకున్నాడు.

పంపు గది వెనక, గోడ నీడలో ఒక మడి ఉంది. దాన్ని తల్లిమడి అంటారు. అది అతని భార్య వేసిన మడి. రాలిన ఆకు, కుళ్ళిన పేడ, చుట్టుపక్కల బాగా కాసిన చేల మన్ను పోసి పెంచింది. ట్రేల్లో నింపే కొబ్బరి పొట్టు ఉత్త పొట్టేనని, అందులో ప్రాణం ఉండదని ఆమె అనేది. పాలకి తోడేసినట్టు దానికి తల్లిమడి మన్ను కొద్దిగా కలపాలి. మంచి మట్టిలో కంటికి కనబడని జనం ఉంటారనీ, వాళ్ళలో కొందరినైనా వెంట పంపకపోతే పిల్లమొక్క అత్తారింట్లో ఒంటరిదైపోతుందనీ చెప్పేది. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నారు మాత్రం ఆమె అన్నట్టే ఉండేది.

ఆమె పోయాక ఆ మడిలో ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు అతను. తనే తవ్వుతాడు, తనే జల్లిస్తాడు, తనే కలుపుతాడు. ఆ పని చేసేటప్పుడు ఎవరైనా పలకరించినా పలకడు.

ఆ రోజు కూడా తెల్లవారకముందే తట్ట పట్టుకుని వెళ్ళాడు. వంగుతూ ఆసరాకి గోడ మీద చెయ్యి వేశాడు. వెచ్చగా తగిలింది. ఒకప్పుడు ఆ వేళకి ఆ గోడకి చెమ్మ పట్టి ఉండేది. ఇప్పుడు పగటి ఎండను రాత్రంతా మోసి మళ్ళీ పగటికే అప్పజెబుతోంది. గుప్పెడు మన్ను తీసి చిదిపాడు. మంచి మట్టిని తెల్లటి నూలుపోగుల్లా అల్లుకుని ఉండే బూజు కనబడలేదు. కనబడక చాలాకాలమైంది. వాసన కూడా పల్చబడింది. తొలి చినుకు పడ్డప్పటి వాసన ఎప్పుడూ ఉండేది ఆ మట్టికి. అవన్నీ అతను చూశాడు. చూసీ, మట్టికి నీరసం వచ్చింది, ఇంకాస్త ఎక్కువ వేస్తే సరిపోతుందనుకున్నాడు. నారు వాలడం మొదలైనప్పటి నుంచీ అతనికి తోచిన మందు అదొక్కటే. గుప్పెడు వేసే చోట దోసెడు వేశాడు. దోసెడు వేసే చోట తట్ట వేశాడు.

ఆ పూట కూడా తట్ట నిండా వేశాడు.

ఓనరు కబురు పెడితే మొక్కల డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు. గేటు దగ్గరే చెప్పులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని రబ్బరు బ్యాండ్లు వేసుకుంది. మేస్త్రి చూసి ముక్కుతో నవ్వాడు. మట్టి అంటకుండా మొక్కల వైద్యం!

ఆమె వాలిపోయిన వంగమొక్క కాండాన్ని బ్లేడుతో కోసింది. గాజుగ్లాసులో నీళ్ళు పోయమంది. కోసిన ముక్క చివర నీళ్ళకి తగిలేటట్టు వేలాడదీసి పట్టుకుంది.

"చూస్తూ ఉండండి," అంది.

ముందు ఏమీ లేదు. తర్వాత కోసిన చోటి నుంచి సన్నటి తెల్లటి దారం ఒకటి బయల్దేరింది. ఎవరో పైనుంచి పాలు వదులుతున్నట్టు, తెగకుండా, వంకర తిరుగుతూ గ్లాసు అడుక్కి దిగింది.

"పాలా?" అన్నాడు ఓనరు.

"పాలు కాదండీ. అదంతా సూక్ష్మజీవులే. లక్షలకి లక్షలు. వేళ్ళలోంచి దూరి, కాండంలో నీళ్ళు పైకెక్కే దారులన్నీ మూసేస్తాయి. మీరు ఎన్ని నీళ్ళు పెట్టినా మొక్కకి అందవు. దాహంతో చచ్చిపోతుంది."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"గొట్టంలో వేడినీళ్ళు పెట్టినా ఇలాగే అవుతుంది కదమ్మా?"

"కాదు. వేడినీళ్ళకి ఆకు కమిలిపోతుంది. ఇది నీళ్ళు పెట్టేవాళ్ళ చేతిలో లేదు."

ఓనరు మేస్త్రి మొహంలోకి చూశాడు. మేస్త్రి గ్లాసులోకి చూశాడు.

"మరెక్కణ్ణించి వచ్చింది?" అన్నాడు ఓనరు.

"మట్టి నుంచి. కొత్తగా వచ్చి ఉండకపోవచ్చు కూడా. ఎన్నో ఏళ్ళ నుంచి అందులోనే పడి ఉండి ఉంటుంది. రాత్రిళ్ళు చల్లబడినన్నాళ్ళూ ఇది పెద్దగా లేవలేదు. పక్కన మంచివి ఉంటాయి కదా, అవి దీనికి తిండీ చోటూ దొరకనివ్వవు. ఇప్పుడు రాత్రీ లేదు పగలూ లేదు, ఒకటే సెగ. మంచివి తట్టుకోలేక తగ్గిపోతున్నాయి. ఇక దీనిదే రాజ్యం." గ్లాసు కింద పెట్టింది. "ట్రేల్లో ఏం మట్టి కలుపుతున్నారు?"

"కొబ్బరి పొట్టు," అన్నాడు మేస్త్రి.

అబద్ధం కాదు. నిజమూ కాదు.

"ఉత్త పొట్టులో ఇది పుట్టదండీ," అంది డాక్టరమ్మ మెల్లగా. గద్దించలేదు. "ఎక్కడో మన్ను కలిసే ఉంటుంది. ఎక్కడిదో మీరే వెతకండి. దొరికిన చోటు కప్పేయండి. ఇంకో మాట. ఇది రైతుల పొలాల్లోకి పోకూడదు. ఒకసారి పొలం మట్టిలో పడితే ఏళ్ళ తరబడి వదలదు. పోయిన చోట మొక్కల్ని వేళ్ళతో, వేళ్ళకున్న మట్టితో సహా సంచుల్లో కట్టాలి. కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా గట్టు దాటకూడదు."

వెళ్ళేటప్పుడు చెప్పులకి తొడుక్కున్న సంచులు విప్పి, ముడి వేసి, తన వెంట తీసుకుపోయింది. మేస్త్రికి ఈసారి నవ్వు రాలేదు.

మర్నాడు అందరూ అన్నాలకి కూర్చున్న వేళ అతను గాజుగ్లాసు పట్టుకుని తల్లిమడి దగ్గరికి వెళ్ళాడు. మడిలో విత్తనానికి వదిలిన వంగమొక్కలున్నాయి. నడుమెత్తున, నల్లటి నిగనిగతో, ఒక్క ఆకు వడలకుండా నిలబడి ఉన్నాయి. వాటిల్లో అన్నిటికన్నా బాగున్న దాన్ని ఎంచుకున్నాడు. దీన్ని కోస్తే ఏమీ రాదు, డాక్టరమ్మ మాట డాక్టరమ్మకే పోతుందనుకున్నాడు. కొమ్మ కోసి నీళ్ళలో పెట్టాడు.

ఏమీ రాలేదు.

ఊపిరి వదిలాడు. కొమ్మ తీసేద్దామని చెయ్యి చాపాడు. అప్పుడు దిగింది దారం. సన్నగా, తీరుబడిగా, తెల్లగా.

గోడకి వీపు ఆనించి చతికిలబడ్డాడు. కింద కూర్చుంటే అప్పటిదాకా చూడనిది కంటబడింది. మడి లోపలి వైపు, మొక్కల వెనక రెండు చోట్ల ఖాళీగా ఉంది. మొక్కలు ఉండాల్సిన చోటు. పీకేసి, గుంట పూడ్చి, పైన అరచేత్తో చదును చేసి, కనబడకుండా ఎండుటాకు కప్పారు. ఈ మడిలో ఇంకొకరి చెయ్యి పడింది. ఎవరిదో అడగక్కర్లేదు. ఇటువైపు నీళ్ళు పెట్టేది కూడా మరదలే.

సాయంత్రం మరదలి ఇంటికి వెళ్ళాడు. ఇనప మెట్లెక్కి వెళ్ళే ఒంటిగది. తలుపు తీసే ఉంది. ఆమె బల్ల మీద దుప్పటి మడత పరిచి ఎవరివో చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. అప్పుడే కొత్త పని వెతుక్కుంది. చేత్తో నీళ్ళు చిలకరించి, కాలరు సాగదీసి, పెట్టె ఆనించింది. ఆవిరి లేచింది. అతన్ని చూసి పెట్టె ఆపలేదు.

"ఏం కావాలి మేస్త్రిగారూ?"

"తల్లిమడిలో రెండు మొక్కలు పీకావు."

"పీకాను."

"ఎప్పుడు?"

"ఎండలు ముదరగానే. ఒకటి పడిపోయింది. తర్వాత ఇంకొకటి."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆమె చొక్కా తిరగేసింది. "చెబితే నమ్మేవాడివా?"

అతను ఆలోచించాడు. అబద్ధం చెప్పడానికి వచ్చిన చోటు కాదది.

"నమ్మేవాణ్ణి కాదు."

"నమ్మకపోగా, మా అక్క మడికి దిష్టి పెట్టానని కొట్టేవాడివి. ఆ మడి జోలికొస్తే నువ్వు మనిషివి కావు." పెట్టె నిలబెట్టింది. మొదటిసారి అతని వైపు చూసింది. "అయినా అందుకు కాదు. అక్కది అదొక్కటే మిగిలింది. అది కూడా పోతోందని నీకు నేను చెప్పడమెందుకనుకున్నాను. రెండు పీకితే పోతుందనుకున్నాను. చెప్పి ఉండాల్సింది. అంతవరకు తప్పు నాదే."

"తప్పు నాది. నీళ్ళ వల్ల కాదంట. నేను వేసిన తోడు వల్లే. నువ్వు రేపు పనిలోకి రా."

ఆమె నవ్వింది. ఆ నవ్వులో నవ్వు లేదు.

"ఆ మాట ఎక్కడన్నావు? మూడో షెడ్డు ముందు. రేడియో ముందు, ఓనరు ముందు. అక్కడన్న మాట అక్కడే తియ్యి. ఇక్కడ మా గుమ్మంలో తీస్తే నాకెందుకు? ఈ చొక్కాలు వింటాయి."

ఇంకో చొక్కా అందుకుంది. అతను మెట్లు దిగాడు. కూర్చోమని ఆమె అనలేదు.

పొద్దున్నే తల్లిమడి మీద మందపాటి ప్లాస్టిక్ కప్పి, అంచులు మట్టిలో పాతి, చుట్టూ ముళ్ళకంప వేశాడు. చేతులు కడుక్కుని ఓనరు గదిలోకి వెళ్ళి సంగతి చెప్పాడు. ఓనరు లేచి తలుపు వేశాడు.

"మెల్లగా మాట్లాడు. కప్పేశావుగా, అయిపోయింది. నీకూ నాకూ తెలిస్తే చాలు."

"ఒకటో షెడ్డు నారు మాటేంటి? దానిలోనూ ఆ మన్నే ఉంది."

"నిలబడే ఉందిగా."

"తల్లిమడి మొక్క కూడా నిలబడే ఉంది."

"నీకేం పట్టింది మేస్త్రీ? నీళ్ళావిడ వల్ల పోయిందని చెప్పాం, జనం ఊరుకున్నారు. ఇప్పుడు మన మట్టికే జబ్బంటే ఈ గేటులోకి అడుగుపెట్టేవాడెవడు? కాస్త చల్లబడ్డాక ఆవిణ్ణి మళ్ళీ పిలుద్దాంలే. నీ మరదలేగా. సర్దుకుంటుంది."

ఓనరు కొత్తగా అన్నదేమీ లేదు. మేస్త్రి ఆ రోజు అందరి ముందూ చేసింది అదే. దగ్గరిది కదా, సర్దుకుంటుందని. తలుపు తీసుకుని బయటికి వచ్చాడు.

ఒకటో షెడ్డు ముందు వ్యాను ఆగి ఉంది. పొడుగాటి రైతు ఒకాయన టమాటా ట్రేలు ఎక్కిస్తున్నాడు. రేడియో కింద నుంచి అందిస్తోంది.

"దింపు," అన్నాడు మేస్త్రి.

"ఏంటి?"

"ట్రేలు దింపు. ఈ నారు నాటొద్దు."

"పొద్దున్నే వేళాకోళమా? ఇంత బాగుంటే!"

మేస్త్రి తనే వ్యానెక్కి ఒక ట్రే తీసి కింద పెట్టాడు. తర్వాత మూడో షెడ్డు వైపు తిరిగి, అక్కడ పనిచేస్తున్నవాళ్ళకి కూడా వినబడేటట్టు గొంతు పెంచాడు. పెద్దగా మాట్లాడే అలవాటు లేని గొంతు, మధ్యలో చీలింది.

"నా మరదలు నీళ్ళు సరిగ్గానే పెట్టింది. తప్పు ఆమెది కాదు. మట్టిలో జబ్బుంది. ఆ మట్టి నా చేత్తో నేను కలిపాను. మొక్కలు వాలిపోతుంటే ఇంకా కలిపాను. ఆమెను ఊరికే అన్నాను."

రేడియో చేతిలో ట్రే అలాగే ఉండిపోయింది. ఆమె మాట్లాడకపోవడం ఆ నర్సరీలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

రైతు వ్యాను దిగాడు. అతని మొహంలో రంగు మారుతోంది.

"మరి నేను ముందు పట్టుకెళ్ళిన వంగనారో?"

"నాటావా?"

"నాటకుండా ఇంట్లో దాచుకుంటానా? పూత మీదుంది."

ఆ సంగతి మేస్త్రికి ఇప్పుడే తట్టింది. నారు వాలడం మొదలవకముందు పోయినదంతా బాగుందనే అనుకున్నాడు. తోడు అందులోనూ ఉంది.

"చెప్పవేం? ఆ జబ్బు నా పొలంలో పెట్టావా? ఎన్నాళ్ళకి పోతుందది?"

"ఏళ్ళు పడుతుందన్నారు."

రైతు అతని చొక్కా పట్టుకున్నాడు. గుంజలేదు, కొట్టలేదు. పట్టుకుని ఊరికే నిలబడ్డాడు, వదిలితే తనే పడిపోతాననుకున్నట్టు. ఓనరు గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. మతిపోయిందన్నాడు, తిన్నింటికి ద్రోహమన్నాడు, గేటు దాటి పొమ్మన్నాడు. మేస్త్రి తలూపాడు. రైతు వేళ్ళు ఒక్కొక్కటిగా విడిపించుకున్నాడు.

"పద. సంచులు పట్టుకొస్తాను. పక్క చేలకి పాకకముందే పీకేద్దాం."

వంగతోట కళకళలాడుతోంది. ఊదారంగు పూలు, అక్కడక్కడా పిందెలు. ఒక్క మొక్కా వాలలేదు. చావు కళ ఉన్న మొక్కను పీకడం వేరు, దీన్ని పీకడం వేరు. మేస్త్రి ఒక్కో మొక్క చుట్టూ పారతో గుండ్రంగా కోసి, మట్టిగడ్డతో సహా ఎత్తి, మెల్లగా సంచిలో దించుతున్నాడు. ఒక పెళ్ళ కూడా జారకూడదు. రైతు గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. కాసేపటికి లేచి తనూ పార అందుకున్నాడు.

ఎండ నడినెత్తికొస్తున్నప్పుడు మరదలు వచ్చింది. రేడియో తన పని తాను చేసి ఉంటుంది. ఆమె మేస్త్రి వైపు చూడలేదు. రైతునడిగింది.

"ఖాళీ సంచులెక్కడ అన్నా?"

అటు చివరి నుంచి మొదలుపెట్టింది. నడిమి వరసలో ఇద్దరూ ఎదురుపడ్డారు.

"అక్కడే అన్నాను," అన్నాడు.

"విన్నాను."

"ఓనరు నన్ను పొమ్మన్నాడు."

"అదీ విన్నాను." మొక్క మొదట్లో పార దించింది. "నీకోసం రాలేదు. ఇది మా అక్క మన్ను. ఇంకొకళ్ళ పొలంలో దాన్ని ఇలా వదిలేసి నేను ఇస్త్రీ చేసుకుంటూ కూర్చోలేను."

అతను సంచి మూతి తెరిచి పట్టుకున్నాడు. ఆమె గడ్డను అందులో దించింది.

పొలం బోసిపోయేసరికి పొద్దు వాలింది. వేడి మాత్రం నేలని వదల్లేదు. రైతు గట్టు దగ్గర రెండు బకెట్ల నీళ్ళు పెట్టి, బ్లీచింగ్ పొడి కలిపాడు. ఆమె ముందు కడుక్కుంది. పారలు కడిగింది. తర్వాత పక్కకి జరిగి నిలబడింది. మేస్త్రి చేతులు కడుక్కుని, పాదాల మీద చెంబుతో పోసుకుని, రుద్దుకుని, గట్టెక్కడానికి కాలెత్తాడు.

"ఆగు," అంది.

ఆగాడు.

"ఇంకా ఉంది. మడమ పగుళ్ళలో."

అతను వంగి, గోళ్ళతో పగుళ్ళు తవ్వుకుంటూ కడిగాడు. తలెత్తి చూశాడు. ఆమె ఇంకా అతని కాళ్ళనే చూస్తోంది.

మళ్ళీ చెంబు ముంచాడు.